యూనిట్ 14: కణ ఉపరితల గ్రాహక ప్రోటీన్లను ప్రయోగశాలలో ఉత్పత్తి చేయడం

విషయక్రమం
14.0 ఉద్దేశాలు
14.1 పరిచయం
14.2 గ్రాహకం నిర్మాణం – ఉత్పత్తిలో ఎదురయ్యే చిక్కు
14.3 కణజాలం నుంచి జన్యువు వరకు
14.4 అతిథేయ కణం ఎంపిక
14.5 ఉత్పత్తి, శుద్ధి – దశలు
14.6 తయారైన గ్రాహకం పనిచేస్తుందా?
14.7 గ్రాహకం రూపం వెల్లడి
14.8 సారాంశం
14.9 మీ ప్రగతిని పరీక్షించుకోండి – సమాధానాలు
14.10 మాదిరి పరీక్ష ప్రశ్నలు
14.11 పదకోశం

14.0 ఉద్దేశాలు

ఈ యూనిట్ చదివిన తరవాత మీరు:
• గ్రాహక ప్రోటీన్లను ప్రయోగశాలలో తయారుచేయవలసిన అవసరం ఎందుకు వచ్చిందో చెప్పగలుగుతారు.
• బాక్టీరియా, ఈస్ట్, కీటక, క్షీరద కణాలను అతిథేయులుగా వాడడంలోని లాభనష్టాలను పోల్చగలుగుతారు.
• బీటా-2 అడ్రినర్జిక్ గ్రాహకం ఉత్పత్తి, శుద్ధి దశలను వరసగా వివరించగలుగుతారు.
• తయారైన ప్రోటీన్‌లో పనిచేసే భాగం ఎంతో లెక్కకట్టగలుగుతారు.

14.1 పరిచయం

ఉబ్బసం ఉన్నవారు ఆయాసం వచ్చినప్పుడు ఇన్‌హేలర్‌తో మందు పీల్చుకోవడం మీరు చూసే ఉంటారు. చాలా ఇన్‌హేలర్లలో ఉండే మందు సాల్బుటమాల్. పీల్చిన కొద్ది నిమిషాల్లో, బిగుసుకుపోయిన శ్వాసనాళాలు సడలి ఊపిరి ఆడుతుంది. ఆ మందు పనిచేయడానికి కండర కణం లోపలికి వెళ్ళనక్కరలేదు. కణం ఉపరితలం మీద ఉన్న బీటా-2 అడ్రినర్జిక్ గ్రాహకం అనే ప్రోటీన్‌కు అతుక్కుంటే చాలు. అప్పుడు గ్రాహకం ఆకారం మారి, కణం లోపలివైపు ఉన్న జి-ప్రోటీన్‌ను ఉత్తేజపరుస్తుంది. దాని వల్ల అడినైలిల్ సైక్లేజ్ అనే ఎంజైమ్ చురుకై, కణంలో సైక్లిక్ ఎ.ఎం.పి. పెరుగుతుంది. కండరం సడలుతుంది.

ఇదే గ్రాహకానికి దగ్గరి చుట్టం ఒకటి ఉంది. దాని పేరు బీటా-1 గ్రాహకం. గుండెలో ఎక్కువగా ఉండేది అదే. 1960లలో జేమ్స్ బ్లాక్ బృందం రూపొందించిన ప్రొప్రనొలాల్ అనే గుండె మందు ఈ రెండు గ్రాహకాలనూ అడ్డుకుంటుంది. గుండెకు మేలుచేసే ఆ మందే ఉబ్బసం ఉన్నవారిలో శ్వాసనాళాలను బిగించి ప్రమాదం తేగలదు. అందుకే డాక్టర్లు వారికి దానిని ఇవ్వరు. ఒక గ్రాహకాన్ని తాకి, దాని చుట్టాన్ని తాకని మందు తయారుచేయాలంటే ఆ రెండింటి ఆకారాల్లోని తేడా తెలియాలి. ఆకారం తెలియాలంటే గ్రాహకం శుద్ధమైన స్థితిలో, చాలినంత పరిమాణంలో చేతికి రావాలి.

బీటా-2 గ్రాహకం జన్యువును శాస్త్రజ్ఞులు 1986లో వేరుచేశారు. దాని త్రిమితీయ నిర్మాణం వెల్లడైంది 2007లో. జన్యువు చేతికి వచ్చాక కూడా ప్రోటీన్ రూపం తెలియడానికి 21 సంవత్సరాలు పట్టిందన్న మాట. ఇంత కాలం ఎందుకు పట్టింది? ఈ ప్రశ్నకు సమాధానమే ఈ యూనిట్.

14.2 గ్రాహకం నిర్మాణం – ఉత్పత్తిలో ఎదురయ్యే చిక్కు

ఉపరితల గ్రాహకాలను ఉత్పత్తి దృష్టితో రెండు రకాలుగా చూడవచ్చు.

మొదటి రకం గ్రాహకాలు కణత్వచాన్ని ఒక్కసారే దాటుతాయి. బంధకాన్ని పట్టుకునే భాగం మొత్తం కణం వెలుపల, నీటిలో ఉంటుంది. అటువంటి గ్రాహకంలో వెలుపలి భాగాన్ని మాత్రమే విడిగా తయారుచేసుకోవచ్చు. అది నీటిలో కరుగుతుంది, కణం దానిని యానకంలోకి స్రవిస్తుంది. కీళ్ళవాతానికి వాడే ఎటనెర్సెప్ట్ అనే మందు ఇందుకు మంచి ఉదాహరణ. ట్యూమర్ నెక్రోసిస్ కారకానికి చెందిన ఒక గ్రాహకం వెలుపలి భాగాన్ని, మానవ ప్రతిదేహంలోని ఒక భాగంతో కలిపి, చైనీస్ హామ్‌స్టర్ అండాశయ కణాల్లో దీనిని తయారుచేస్తారు. 1998లో అమెరికాలో దీని వాడకానికి అనుమతి లభించింది.

రెండో రకం గ్రాహకాలకు ఈ సులువు లేదు. బీటా-2 గ్రాహకం 413 అమైనో ఆమ్లాల గొలుసు. అది కణత్వచాన్ని ఏడుసార్లు అటూ ఇటూ దాటుతుంది. మందు అతుక్కునే గుంట ఆ ఏడు సర్పిలాల మధ్య, త్వచం మందంలోనే ఉంటుంది. వెలుపలి భాగాన్ని మాత్రం కోసి తెచ్చుకుంటే గుంట ఉండదు. కాబట్టి గొలుసు మొత్తం తయారుచేయాలి.

ఇక్కడే చిక్కు వస్తుంది. నీటిలో ఉండే ప్రోటీన్లలో నీటిని ఇష్టపడని అమైనో ఆమ్లాలు సాధారణంగా లోపలికి ముడుచుకొని ఉంటాయి. త్వచ ప్రోటీన్లలో అవి సర్పిలాల బయటివైపున, చుట్టూ ఉన్న కొవ్వు అణువులకు ఆనుకొని ఉంటాయి. త్వచం నుంచి బయటకు తీసి నీటిలో వేస్తే అటువంటి ప్రోటీన్లు ఒకదానికొకటి అంటుకొని ముద్దలు కడతాయి. ముద్ద కట్టిన గ్రాహకం గ్రాహకంగా పనిచేయదు. కోడిగుడ్డు తెల్లసొన ఉడికాక అందులోని ప్రోటీన్ ఎక్కడికీ పోదు, రూపం మాత్రం పోతుంది. గ్రాహకం విషయంలోనూ మనకు కావలసింది ప్రోటీన్ బరువు కాదు, దాని రూపం. ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే తరవాతి దశలన్నీ ఎందుకు అలా ఉన్నాయో మీకే తెలుస్తుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
గమనిక: మీ సమాధానాన్ని నోటుపుస్తకంలో రాసి, 14.9లో ఇచ్చిన సమాధానంతో సరిచూసుకోండి.
బీటా-2 గ్రాహకంలో వెలుపలి భాగాన్ని మాత్రమే తయారుచేస్తే ఎందుకు ఉపయోగం లేదు?

14.3 కణజాలం నుంచి జన్యువు వరకు

గ్రాహకాన్ని జంతువుల కణజాలం నుంచే నేరుగా తీసుకోవచ్చు కదా అన్న సందేహం మీకు కలగవచ్చు. ఒక గ్రాహకం విషయంలో అది సాధ్యమైంది. కంటి నేత్రపటలంలోని దండకణాల్లో రోడాప్సిన్ అనే కాంతి గ్రాహకం ఉంటుంది. ఆ కణాల బాహ్యఖండ త్వచాల్లోని ప్రోటీన్‌లో అధికభాగం రోడాప్సినే. అందువల్ల పశువుల కళ్ళ నుంచి దానిని కావలసినంత సేకరించగలిగారు. ఏడు సర్పిలాల గ్రాహకాల్లో మొట్టమొదట, 2000 సంవత్సరంలో, నిర్మాణం వెల్లడైంది దానిదే.

బీటా-2 గ్రాహకం అలా దొరకదు. కణజాలంలోని ప్రోటీన్లలో దాని వాటా అత్యల్పం. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ లెఫ్కోవిట్జ్ బృందం ఏళ్ళ తరబడి శ్రమించి దానిని శుద్ధిచేసింది. అలా శుద్ధిచేసిన హామ్‌స్టర్ గ్రాహకంలోని కొన్ని ముక్కల అమైనో ఆమ్ల క్రమాన్ని తెలుసుకొని, దాని ఆధారంగా మెర్క్ సంస్థ శాస్త్రజ్ఞులతో కలిసి జన్యువును పట్టుకున్నారు. ఆ పనిలో బ్రయన్ కోబిల్కా పాల్గొన్నారు. జన్యువులోని క్రమాన్ని చదివి చూస్తే అది రోడాప్సిన్‌ను పోలి ఉంది. కాంతిని పసిగట్టే ప్రోటీన్, హార్మోన్‌ను పసిగట్టే ప్రోటీన్ ఒకే కుటుంబానికి చెందినవని అప్పుడు తేలింది.

జన్యువు దొరికితే ఆ ప్రోటీన్‌ను మరో కణం చేత తయారుచేయించవచ్చు. ఏ కణం చేత అన్నది తరవాతి ప్రశ్న.

14.4 అతిథేయ కణం ఎంపిక

14.4.1 బాక్టీరియా

ఎశ్చరీషియా కోలై చౌకగా, వేగంగా పెరుగుతుంది. అనుకూల పరిస్థితుల్లో సుమారు 20 నిమిషాలకు ఒకసారి రెట్టింపు అవుతుంది. పునస్సంయోజక ఇన్సులిన్‌ను దీనిలోనే తయారుచేశారు. అయితే బీటా-2 గ్రాహకానికి కావలసిన కొన్ని వసతులు దీనిలో లేవు. ప్రోటీన్‌ను సరిగా మడిచి త్వచంలోకి చేర్చే అంతర్జీవద్రవ్య జాలకం లేదు. కేంద్రక కణాల్లో మాదిరిగా ఆస్పరాజిన్‌కు చక్కెర గొలుసులు తగిలించే ఏర్పాటు సాధారణ ప్రయోగశాల రకాల్లో లేదు. త్వచంలో కొలెస్ట్రాల్ కూడా లేదు. అందువల్ల ఇటువంటి గ్రాహకాలు తరచుగా కణం లోపల ముద్దలుగా పేరుకుపోతాయి. వీటిని ఇన్‌క్లూజన్ బాడీలు అంటారు. ఇది అన్నింటికీ వర్తించే నియమం కాదు. మాల్టోజ్‌ను బంధించే ప్రోటీన్‌తో జతచేసి న్యూరోటెన్సిన్ గ్రాహకాన్ని ఎశ్చరీషియా కోలైలో పనిచేసే రూపంలోనే తయారుచేయగలిగారు.

14.4.2 ఈస్ట్

పికియా పాస్టోరిస్ అనే ఈస్ట్ కేంద్రకం గల కణం. దీనికి అంతర్జీవద్రవ్య జాలకం ఉంది, పెంచడానికి ఖర్చు తక్కువ. మిథనాల్ ఇచ్చినప్పుడు చురుకయ్యే ప్రమోటర్ ఉండడం వల్ల ఉత్పత్తిని మనకు కావలసినప్పుడు మొదలుపెట్టవచ్చు. కాని దీని త్వచంలో కొలెస్ట్రాల్‌కు బదులు ఎర్గోస్టెరాల్ ఉంటుంది. గట్టి కణకవచాన్ని పగలగొట్టడం కూడా శ్రమతో కూడిన పని.

14.4.3 కీటక కణాలు

బీటా-2 గ్రాహకం నిర్మాణాన్ని వెల్లడించిన ప్రయోగాల్లో వాడినవి కీటక కణాలు. వీటి పేరు ఎస్.ఎఫ్.9. స్పోడోప్టెరా ఫ్రుజిపెర్డా అనే పురుగు ప్యూపా అండాశయం నుంచి వచ్చిన కణవంశం ఇది. ఈ పురుగు మీకు కొత్తది కాదు. 2018లో మన దేశంలో మొదటిసారి కనిపించి, తెలుగు రాష్ట్రాల్లో మొక్కజొన్న రైతులను కష్టపెట్టిన కత్తెర పురుగు ఇదే. పొలంలో పంటను తినే పురుగుకు చెందిన కణాలు ప్రయోగశాలలో మానవ గ్రాహకాన్ని తయారుచేసి పెడుతున్నాయి.

ఈ కణాల్లోకి జన్యువును చేరవేసే వాహకం బాక్యులోవైరస్. ఇది కీటకాలకు సోకుతుంది, మనుషులకు రోగం కలిగించదు. ప్రకృతిలో ఈ వైరస్ పాలిహెడ్రిన్ అనే ప్రోటీన్‌ను విపరీతంగా తయారుచేయిస్తుంది. కణవర్ధనంలో వైరస్‌కు పాలిహెడ్రిన్ అవసరం లేదు. అందువల్ల ఆ జన్యువు స్థానంలో మనకు కావలసిన జన్యువును పెడితే, అదే బలమైన ప్రమోటర్ మన ప్రోటీన్‌ను తయారుచేయిస్తుంది. ఈ పద్ధతిని 1983లో ప్రవేశపెట్టారు. ఎస్.ఎఫ్.9 కణాలు 27 డిగ్రీల సెల్సియస్ వద్ద పెరుగుతాయి, కార్బన్ డయాక్సైడ్ సరఫరా అక్కరలేదు.

లోపాలు కూడా ఉన్నాయి. కీటక కణాలు తగిలించే చక్కెర గొలుసులు మానవ కణాల్లోని వాటికంటే పొట్టిగా, సరళంగా ఉంటాయి. త్వచంలో కొలెస్ట్రాల్ తక్కువ. వైరస్ సోకిన కణాలు కొద్ది రోజుల్లో చనిపోతాయి కాబట్టి సరైన సమయంలో కణాలను సేకరించాలి.

14.4.4 క్షీరద కణాలు

మానవ పిండ మూత్రపిండం నుంచి వచ్చిన హెక్ 293 కణాల్లో మడత, చక్కెర గొలుసులు, త్వచంలోని కొవ్వులు సహజ స్థితికి అతి దగ్గరగా ఉంటాయి. వీటిని 37 డిగ్రీల వద్ద, సాధారణంగా 5 శాతం కార్బన్ డయాక్సైడ్‌లో పెంచుతారు. ఖర్చు ఎక్కువ, పెరుగుదల నెమ్మది. ఏ అతిథేయీ అన్ని విధాలా మేలైనది కాదు. మీ గ్రాహకానికి ఏ వసతి తప్పనిసరో ముందు తెలుసుకొని, దాన్నిబట్టి అతిథేయిని ఎంచుకోవాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
పాలిహెడ్రిన్ జన్యువును తీసివేసినా కణవర్ధనంలో బాక్యులోవైరస్ ఎందుకు వృద్ధి చెందగలుగుతుంది? ఆ స్థానాన్నే ఎంచుకోవడం వల్ల లాభం ఏమిటి?

14.5 ఉత్పత్తి, శుద్ధి – దశలు

ఇప్పుడు బీటా-2 గ్రాహకాన్ని ఉదాహరణగా తీసుకొని దశలను వరసగా చూద్దాం.

మొదటి దశ: జన్యువును సిద్ధం చేయడం. జన్యువు మొదట్లో ఒక సంకేత అనుక్రమాన్ని చేరుస్తారు. తయారవుతున్న గొలుసును త్వచంలోకి నడిపించేది అదే. దాని తరవాత ఫ్లాగ్ అనే 8 అమైనో ఆమ్లాల గుర్తును కలుపుతారు. శుద్ధిచేసేటప్పుడు గ్రాహకాన్ని పట్టుకోవడానికి ఇది పిడిలాగా ఉపయోగపడుతుంది.

రెండో దశ: కణాలను పెంచి, వైరస్ సోకించడం. సోకిన తరవాత సుమారు 48 నుంచి 72 గంటల్లో కణాలను సేకరిస్తారు. ఈ లోగా యానకంలో గ్రాహకానికి అతుక్కునే ఆల్‌ప్రెనొలాల్ వంటి అణువును కలపడం ఒక ఉపాయం. గుంటలో అణువు కూర్చుంటే గ్రాహకం స్థిరంగా ఉండి, పనిచేసే రూపంలో ఎక్కువగా దొరుకుతుంది.

మూడో దశ: కణాలను పగలగొట్టడం. లవణం తక్కువగా ఉన్న చల్లని ద్రావణంలో కణాలు ఉబ్బి పగులుతాయి. అప్పుడు కణంలోని ప్రోటియేజ్ ఎంజైమ్‌లు కూడా బయటపడి గ్రాహకాన్ని ముక్కలు చేయగలవు. అందుకే ద్రావణంలో వాటి నిరోధకాలను ముందుగానే కలుపుతారు. తరవాత సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి త్వచాలను వేరుచేస్తారు.

నాలుగో దశ: త్వచం నుంచి గ్రాహకాన్ని బయటకు తీయడం. జిడ్డు గిన్నెను సబ్బు ఎలా శుభ్రం చేస్తుందో ఇక్కడ డిటర్జెంట్ అలాగే పనిచేస్తుంది. దాని అణువులో ఒక కొసకు నీరు ఇష్టం, మరో కొసకు కొవ్వు ఇష్టం. అవి గ్రాహకం నడుము చుట్టూ పట్టీలా చేరి, దానిని నీటిలో నిలబెడతాయి. గట్టి డిటర్జెంట్ వాడితే గ్రాహకం విడివడి రూపం కోల్పోతుంది. కాబట్టి డోడెసిల్ మాల్టోసైడ్ వంటి మృదువైనదాన్ని వాడతారు. కొలెస్ట్రాల్ లోటును పూరించడానికి కొలెస్టెరిల్ హెమిసక్సినేట్‌ను కలుపుతారు. ఆ తరవాతి ద్రావణాలన్నింటిలోనూ కొద్దిగా డిటర్జెంట్ ఉండాలి. ఒక్క కడుగులో మరిచిపోయినా గ్రాహకం ముద్ద కట్టే ప్రమాదం ఉంది.

ఐదో దశ: శుద్ధి. ఫ్లాగ్ గుర్తును పట్టుకునే ప్రతిదేహం ఉన్న స్తంభం గుండా ద్రావణాన్ని పంపుతారు. ఎం1 అనే ఈ ప్రతిదేహానికి పట్టుకోవడానికి కాల్షియం అవసరం. ఇ.డి.టి.ఎ.తో కాల్షియాన్ని తొలగిస్తే గ్రాహకం విడుదలవుతుంది. అయితే ఈ స్తంభం గుర్తును మాత్రమే చూస్తుంది. సరిగా మడతపడిన గ్రాహకాన్నీ, మడత చెడినదాన్నీ ఒకేలా పట్టుకుంటుంది. అందుకని రెండో స్తంభం వాడతారు. దాని గుళికలకు ఆల్‌ప్రెనొలాల్ అతికించి ఉంటుంది. గుంట సరిగా ఉన్న గ్రాహకమే దానికి అతుక్కుంటుంది. మడత చెడినది కిందికి జారిపోతుంది. తరవాత విడి ఆల్‌ప్రెనొలాల్‌ను పోసి, అతుక్కున్న గ్రాహకాన్ని విడుదల చేస్తారు. శుద్ధి, పరీక్ష రెండూ ఒకే స్తంభంలో జరిగిపోవడం ఈ పద్ధతి విశేషం.

14.6 తయారైన గ్రాహకం పనిచేస్తుందా?

జెల్ మీద ఒకే పట్టీ కనిపిస్తే ప్రోటీన్ శుద్ధంగా ఉందని అర్థం. అది పనిచేస్తోందని అర్థం కాదు. పనిచేస్తోందని తెలుసుకోవడానికి బంధన పరీక్ష చేయాలి. రేడియోధార్మిక ట్రిటియం ఉన్న డైహైడ్రోఆల్‌ప్రెనొలాల్‌ను గ్రాహకంతో కలిపి, అతుక్కున్నది ఎంతో కొలుస్తారు. మరో గొట్టంలో రేడియోధార్మికత లేని బంధకాన్ని అధికంగా కలిపి మళ్ళీ కొలుస్తారు. రెండో గొట్టంలో మిగిలేది గుంటలో కాక ఇతరచోట్ల అంటుకున్నది. మొదటి విలువ నుంచి దీనిని తీసివేస్తే నిజమైన బంధనం తెలుస్తుంది.

లెక్క కట్టడం: బీటా-2 గ్రాహకం గొలుసు అణుభారం సుమారు 46,500. చక్కెర గొలుసుల బరువును పక్కన పెడితే, 1 మి.గ్రా.లో సుమారు 21.5 నానోమోల్‌ల గ్రాహకం ఉంటుంది. ఒక గ్రాహకానికి ఒకే గుంట. కాబట్టి ప్రతి అణువూ పనిచేస్తే 1 మి.గ్రా. గ్రాహకం 21.5 నానోమోల్‌ల బంధకాన్ని పట్టుకోవాలి.

ఉదాహరణ: లెక్క కోసం ఊహించిన ఈ రెండు ఫలితాలను పోల్చండి.
• పద్ధతి ‘క’: 10 మి.గ్రా. ప్రోటీన్ దొరికింది. అది పట్టుకున్న బంధకం 4.3 నానోమోల్‌లు. పనిచేసే గ్రాహకం = 4.3 ÷ 21.5 = 0.2 మి.గ్రా. అంటే 2 శాతం.
• పద్ధతి ‘గ’: 1 మి.గ్రా. ప్రోటీన్ మాత్రమే దొరికింది. అది పట్టుకున్న బంధకం 17.2 నానోమోల్‌లు. పనిచేసే గ్రాహకం = 17.2 ÷ 21.5 = 0.8 మి.గ్రా. అంటే 80 శాతం.

తక్కెడలో చూస్తే ‘క’ పదింతలు మేలు. పనిలో చూస్తే ‘గ’ నాలుగింతలు మేలు. అంతేకాదు, ‘క’లో దొరికిన ప్రతి 100 అణువుల్లో 98 పనికిరానివి. వాటితో మందులను పరీక్షిస్తే వచ్చే ఫలితాన్ని నమ్మడం కష్టం. దిగుబడిని రాసేటప్పుడు మొత్తం ప్రోటీన్‌తో పాటు పనిచేసే శాతాన్ని కూడా రాయాలని చెప్పడానికి కారణం ఇదే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 3
ఒక విద్యార్థికి 2 మి.గ్రా. గ్రాహకం దొరికింది. అది 21.5 నానోమోల్‌ల బంధకాన్ని పట్టుకుంది. పనిచేసే శాతం ఎంత?

14.7 గ్రాహకం రూపం వెల్లడి

శుద్ధమైన, పనిచేసే గ్రాహకం దొరికాక కూడా ఒక అడ్డంకి మిగిలింది. స్ఫటికం ఏర్పడాలంటే అణువులన్నీ ఒకే రూపంలో, వరసగా పేర్చుకోవాలి. బీటా-2 గ్రాహకం కదలిక ఎక్కువ ఉన్న అణువు. ముఖ్యంగా ఐదు, ఆరు సర్పిలాల మధ్య లోపలివైపున ఉన్న ఉచ్చు నిలకడగా ఉండదు. 2007లో దీనికి రెండు ఉపాయాలు ఫలించాయి. ఒకదానిలో ఆ ఉచ్చుకు ప్రతిదేహపు ముక్కను అతికించి కట్టడి చేశారు. రెండోదానిలో ఆ ఉచ్చును తీసివేసి, టి4 అనే బాక్టీరియోఫేజ్‌కు చెందిన లైసోజైమ్‌ను ఆ స్థానంలో ఉంచారు. లైసోజైమ్ గట్టిగా ముడుచుకొని ఉండే, నీటిలో కరిగే ప్రోటీన్. స్ఫటికంలో అణువులు ఒకదానికొకటి ఆనుకోవడానికి అది ఆసరా అయింది. ఈ రెండో ఉపాయంతో 2.4 ఆంగ్‌స్ట్రామ్‌ల స్పష్టతతో నిర్మాణం వెల్లడైంది. స్టాన్‌ఫర్డ్‌లో కోబిల్కా బృందం, స్క్రిప్స్ సంస్థలో రేమండ్ స్టీవెన్స్ బృందం కలిసి సాధించిన ఫలితం ఇది.

ఆ నిర్మాణంలో గ్రాహకం నిద్రాణ స్థితిలో ఉంది. 2011లో కోబిల్కా బృందం, ఉత్తేజితమైన గ్రాహకం జి-ప్రోటీన్‌ను పట్టుకొని ఉన్న స్థితిని కూడా స్ఫటికంగా మార్చగలిగింది. ఆరో సర్పిలం లోపలి కొస సుమారు 14 ఆంగ్‌స్ట్రామ్‌లు బయటికి జరిగి జి-ప్రోటీన్‌కు చోటు ఇస్తుందని అందులో కనిపించింది. ఇన్‌హేలర్ పీల్చినప్పుడు శ్వాసనాళ కండరంలో జరిగే మార్పును అణువుల స్థాయిలో చూడగలగడం దీనితో సాధ్యమైంది. లెఫ్కోవిట్జ్, కోబిల్కాలకు 2012లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది.

14.8 సారాంశం

త్వచాన్ని ఒక్కసారి దాటే గ్రాహకాల వెలుపలి భాగాన్ని విడిగా తయారుచేయవచ్చు. ఏడుసార్లు దాటే బీటా-2 వంటి గ్రాహకాలను పూర్తిగా తయారుచేయాలి. ఇవి త్వచం బయట ముద్ద కడతాయి కాబట్టి ప్రతి దశలోనూ రూపాన్ని కాపాడడమే ప్రధానం. అతిథేయ కణం ఎంపిక, యానకంలో బంధకం, మృదువైన డిటర్జెంట్, కొలెస్ట్రాల్ వంటి అణువులు, బంధకం అతికించిన స్తంభం – ఇవన్నీ అందుకోసమే. దిగుబడిని మిల్లీగ్రాములతో మాత్రమే కాక, పనిచేసే శాతంతో కూడా అంచనా వేయాలి. జన్యువు దొరికిన 1986 నుంచి నిర్మాణం తెలిసిన 2007 వరకు పట్టిన కాలంలో ఎక్కువ భాగం ఈ రూపాన్ని నిలబెట్టే ఉపాయాల అన్వేషణకే సరిపోయింది.

14.9 మీ ప్రగతిని పరీక్షించుకోండి – సమాధానాలు

1. మందు అతుక్కునే గుంట ఏడు సర్పిలాల మధ్య, త్వచం మందంలో ఉంటుంది. వెలుపలి భాగంలో ఆ గుంట ఉండదు.
2. కణవర్ధనంలో వైరస్ వృద్ధికి పాలిహెడ్రిన్ అవసరం లేదు. ఆ స్థానంలో పెట్టిన జన్యువుకు బలమైన పాలిహెడ్రిన్ ప్రమోటర్ లభిస్తుంది కాబట్టి ప్రోటీన్ ఎక్కువగా తయారవుతుంది.
3. పనిచేసే గ్రాహకం 21.5 ÷ 21.5 = 1 మి.గ్రా. మొత్తం 2 మి.గ్రా.లో ఇది 50 శాతం.

14.10 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 30 పంక్తుల్లో సమాధానం రాయండి.
1. బీటా-2 అడ్రినర్జిక్ గ్రాహకాన్ని కీటక కణాల్లో ఉత్పత్తి చేసి శుద్ధిచేసే దశలను వివరించండి.
2. గ్రాహకాల ఉత్పత్తికి వాడే అతిథేయ కణాలను పోల్చండి.

II. కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 10 పంక్తుల్లో సమాధానం రాయండి.
1. ఫ్లాగ్ స్తంభం తరవాత ఆల్‌ప్రెనొలాల్ స్తంభం ఎందుకు అవసరం?
2. రోడాప్సిన్ నిర్మాణం బీటా-2 గ్రాహకం నిర్మాణం కంటే ముందే తెలియడానికి కారణం ఏమిటి?
3. టి4 లైసోజైమ్ స్ఫటికీకరణకు ఎలా తోడ్పడింది?

14.11 పదకోశం

అతిథేయి: బయటి జన్యువును స్వీకరించి ప్రోటీన్ తయారుచేసే కణం.
గ్రాహకం: నిర్దిష్ట అణువును గుర్తించి, ఆ సంకేతాన్ని కణం లోపలికి చేరవేసే ప్రోటీన్.
బంధకం: గ్రాహకంలోని గుంటకు అతుక్కునే అణువు. హార్మోన్ కావచ్చు, మందు కావచ్చు.
వాహకం: జన్యువును అతిథేయ కణంలోకి చేర్చే సాధనం.
సంకేత అనుక్రమం: తయారవుతున్న ప్రోటీన్‌ను త్వచం వైపు నడిపించే అమైనో ఆమ్లాల వరస.
సర్పిలం: మెట్లమరలా చుట్టుకొన్న ప్రోటీన్ గొలుసు భాగం.